బుధవారం ఎవరి ఇంటి వంతు

శక్కర్‌నగర్, బోధన్
11-6-2024

తమ్ముడు శాంతి కుమార్‌కు, అక్క జ్ఞానమ్మ వందనాలు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదని కోపంగా ఉన్నావట. ఎత్తడానికి ఫోన్ ఉంటే కదా. నా బిడ్డ ఆశా రెండో ఫోన్ కూడా రోకలితో చితక్కొట్టింది. అందులో ఎవరో కూర్చుని తనను తిడుతున్నారట. మూడోది కొనే ధైర్యం నాకు లేదు కాబట్టి ఇక ఉత్తరాలే. అంగన్‌వాడీ చిరునామాకు రాయి, పగలంతా అక్కడే ఉంటాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే నవ్వుకో, నాకు మాత్రం చెప్పకు.

అసలు సంగతికి వస్తాను. నీ మేనకోడలికి జబ్బు మొదలై మూడేళ్ళు దాటింది. నిజామాబాద్ సర్కారు దవాఖానలో డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నాడు, మందులు రాశాడు, వేస్తున్నాను. అరుపులు తగ్గాయి. కానీ పిల్ల గోడ వైపు తిరిగి కూర్చుంటే సాయంత్రం దాకా అంతే. నీకు ఇన్నాళ్ళూ దాచిన మాట ఒకటుంది. నేను డ్యూటీకి పోయేటప్పుడు ఇంటికి బయట తాళం వేసి పోతున్నాను. పక్క క్వార్టర్‌లో బీడీలు చుట్టే ధనలక్ష్మి గోడకు చెవి పెట్టి ఉంటుంది. ఏదైనా చప్పుడైతే నా దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. కన్నబిడ్డను తాళం వేసి, ఊళ్ళో పిల్లలకు పాటలు నేర్పడానికి పోతున్నాను. మీ బావ రాజమల్లు బతికి ఉంటే ఇట్లా జరగనిచ్చేవాడు కాదు.

చర్చి సంఘం సంగతి అడగకు. ప్రతి బుధవారం ఇంటింటి ప్రార్థన ఉంటుంది కదా, పుస్తకంలో వంతు ప్రకారం ఒక్కో వారం ఒక్కో ఇల్లు. మా ముందరి ఇంట్లో అయింది, వెనక ఇంట్లో అయింది. మూడేళ్ళుగా మా ఇంటిని దాటి పోతున్నారు. సండే స్కూల్లో ఆశా దగ్గర చదివిన పిల్లలు మా గుమ్మం ముందుకు రాగానే పరుగు అందుకుంటారు.

సాలూరా దాటి మంజీర నది అవతల ఒక స్వస్థతాలయం ఉంది. పోయి చూసి వచ్చాను. ఇట్లాంటివాళ్ళు పదిహేడు మంది ఉన్నారు. తిండి పెడతారు, ప్రార్థన చేస్తారు. పారిపోకుండా కాలికి గొలుసు వేస్తారు, వాళ్ళ మేలు కోసమేనట. నేను విని ఊరుకున్నాను. ఊరుకున్నానంటే ఎంత అలసిపోయానో అర్థం చేసుకో. నవంబరులో ఒక మంచం ఖాళీ అవుతుంది. చేర్చడానికి మేనమామ సంతకం ఉంటే మంచిదన్నారు. నువ్వు రావాలి.

కాదనకు.
నీ అక్క.


గాజుల్‌పేట, నిజామాబాద్
19-6-2024

పెద్దదానివి కాబట్టి ముందు వందనాలు. ఆ తర్వాత కోపం.

సంతకం పెట్టను. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా స్కూలు యూనిఫాంలు కుట్టే చేయి ఇది. మేనకోడలి కాలికి గొలుసు రాసివ్వడానికి దీనికి తీరిక లేదు. నాకు క్రిస్మస్ దాకా గడువు ఇవ్వు.

ఇంకో మాట. సంఘం నిన్ను దాటి పోతోందంటావు. నువ్వు గుడి మెట్లెక్కి ఎన్నాళ్ళయింది? తలుపు మూసుకుని లోపల కూర్చుంటే ఎవరొస్తారు? నన్ను చూడు. పోలియో కాలు, చంకలో కర్ర, మూడు చక్రాల బండి. అయినా ఒక్క ఆదివారం తప్పను. అందరి మధ్య కూర్చుంటాను, అందరితో పాడతాను, అందరితోపాటు ప్రభువు బల్ల దగ్గరికి పోయి రొట్టె తీసుకుంటాను. ఒక్కరైనా నన్ను వేరుగా చూశారా? మనం ముందుకు పోవాలి అక్కా, అప్పుడు వాళ్ళూ వస్తారు.

మీ సంఘానికి ఈ మధ్యే పాస్టరుగా వచ్చిన హనోకు అయ్యగారు మంచివాడని విన్నాను. ఆయనకు కూడా ఒక ఉత్తరం రాసి, దీనితోపాటే డబ్బాలో వేస్తున్నాను. మా ఆశా కోసం ఏదైనా చేయండి అని రాశాను. ఇక చూస్తూ ఉండు.

ఆశాకు జాకెట్టు కుట్టాను, పసుపు రంగుది. కొలత పాతదే. సన్నబడితే చెప్పు, కుట్లు విప్పడం నాకు నిమిషం పని.

కత్తెర పక్కన పెట్టి రాస్తున్న నీ తమ్ముడు,
శాంతి కుమార్.


శక్కర్‌నగర్
8-7-2024

శాంతి కుమార్,

చూస్తూ ఉండమన్నావు కదా, చూశాను.

జూన్ ఇరవై ఆరు, బుధవారం. ముప్పై మంది వచ్చారు మా ఇంటికి. మా ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. డోలకు, కంజీరలు, తాళాలు. ఎక్కడి నుంచో ఒక ప్రసంగిని పిలిపించారు. ఆయన పిల్ల తల మీద సీసాడు నూనె పోసి, జుట్టు పట్టుకుని, దయ్యాన్ని పొమ్మని అరిచాడు. ముప్పై మందీ అరిచారు. ఆశా మంచం కిందికి దూరి చెవులు మూసుకుంది. మూడేళ్ళు ఎవరూ రాలేదు, వచ్చిన రోజు ఇట్లా వచ్చారు.

పోయేటప్పుడు ఆ ప్రసంగి, "నమ్మకమున్నోళ్ళకు గోలీలెందుకమ్మా" అన్నాడు. ఆశా మందు గోలీల డబ్బా ఆయన సంచిలో వేసింది నేనే. ఇంకెవరి మీదా నెట్టను. ఆ పూట నాకు ఆశ పుట్టింది, అంతే.

తొమ్మిదో రోజు నేను అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి వెనక తలుపు గడియ ఊడి ఉంది, పిల్ల లేదు. ఒకటే వాన. ధనలక్ష్మి బీడీల చేట అక్కడే పడేసి వెతకడానికి పోయింది. ఎక్కడ దొరికిందో తెలుసా? మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు. నిలువునా తడిసిపోయి, చేతిలో గొడుగు పట్టుకుని, దాన్ని తెరవకుండా నిలబడి ఉందట. "బాపు డ్యూటీ దిగుతడు, ఛత్రి తెచ్చిన" అన్నదట ధనలక్ష్మితో. ఫ్యాక్టరీ మూతబడి తొమ్మిదేళ్ళు, వాళ్ళ బాపు పోయి ఏడేళ్ళు.

మందులు మళ్ళీ మొదలుపెట్టాను. వాటి కోసమే మొన్న నిజామాబాద్ వచ్చాను. నీ దుకాణానికి రాలేదు. బస్టాండులో మీ సంఘం ఆమె ఒకామె కలిసింది. నీ పేరు చెప్పగానే, "శాంతి కుమారా? పాపం, గేటు కాడ బండిలనే కూసుంటడు. లోపలికి రాక పదేండ్లు దాటింది" అన్నది.

అందరి మధ్య కూర్చుంటావు కదా నువ్వు? బల్ల దగ్గరికి పోతావు కదా? నాకు నీతులు చెప్పే ముందు ఒక నిజం చెప్పి ఉండాల్సింది. నవంబరు కంటే ముందే మంచం దొరికితే ముందే పంపిస్తాను. నీ సంతకం లేకపోతే నా సంతకం చాలు.

జ్ఞానమ్మ.


గాజుల్‌పేట
15-7-2024

అక్కా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించాను. ఆమె చెప్పింది నిజం.

మా గుడికి ఏడు మెట్లు. చిన్నప్పుడు నువ్వు వీపున ఎక్కించుకుని బడికి తీసుకుపోయినట్టే, ఇక్కడ కుర్రాళ్ళు ఇద్దరు నన్ను ఎత్తి లోపల దింపేవారు. పదకొండేళ్ళ కిందట ఒక ఈస్టరు రోజు నాలుగో మెట్టు మీద వాళ్ళలో ఒకడి కాలు జారింది. నేను తెల్లబట్టలతో బురదలో పడ్డాను. దెబ్బ పెద్దది కాదు. గుడి మొత్తం "అయ్యో" అన్నది చూడు, అది నాకు తగిలింది. మరుసటి వారం గేటు దగ్గరే ఆగిపోయాను. ఇక్కడే బాగుందన్నాను. ఆ మాట అందరూ నమ్మారు.

ఆ పై ఏడాది సరిగ్గా నా బండి ఆగే చోట, నా నెత్తి మీద రేకుల పందిరి వేశారు. నీ జాగా ఇదే, ఇక్కడే ఉండు అని రాసిచ్చినట్టయింది. రొట్టె చివర్లో బయటికి తెస్తారు. ఒక్కోసారి మరిచిపోతారు. మరిచిపోయామని వాళ్ళు బాధపడకూడదని నేను ఆశీర్వాదం కాకముందే బండి తిప్పుకుని వస్తాను. నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు మొదటి బస్సుకే వచ్చి వాళ్ళతో కొట్లాడతావు.

క్షమించు. రెండింటికీ క్షమించు. ఆశా విషయం తలుచుకుంటే మిషను మీద కాలు ఆడటం లేదు. "ఏదైనా చేయండి" అని రాశాను హనోకు గారికి. ఏదైనా అంటే ఆయనకు తెలిసింది ఆయన చేశాడు. ఏం కావాలో నేను రాయలేదు, ఎందుకంటే నాకు తెలియదు. నీకు తెలుసా? నువ్వు గొలుసు అన్నావు, నేను ప్రార్థన అన్నాను, ప్రసంగి నూనె అన్నాడు. ఆశాను మాత్రం ఎవరూ అడగలేదు. డిగ్రీ చదివిన పిల్ల అక్కా. అడుగు. వెంటనే చెప్పకపోతే ఆగి మళ్ళీ అడుగు.

నేనూ మా కమిటీని అడుగుతాను. నలభై ఆరేళ్ళ మనిషిని, అడగాలంటే చెమటలు పడుతున్నాయి.

నీ తమ్ముడు.


శక్కర్‌నగర్
9-8-2024

తమ్ముడికి,

నువ్వు పడ్డ రోజు సంగతి చదివి అంగన్‌వాడీలోనే ఏడ్చాను. పిల్లలు చుట్టూ చేరి నాకు నీళ్ళిచ్చారు. ఇంకోసారి నా దగ్గర దాచావంటే చూడు.

ఆశాను అడిగాను. మొదటి రోజు పలకలేదు. రెండో రోజు పలకలేదు. మూడో రోజు అన్నం తింటూ తింటూ చెప్పింది. ఆమె మాటలే రాస్తున్నాను. "నా తల మీద ఎవ్వలు చేతులు పెట్టద్దు. మంచిగైందా అని అడగద్దు. మందిల రావద్దు. ఒక్కలే రావాలె. రోజు గదే మనిషి, గదే యాళ్లకు. ఎవలొస్తున్నరో నాకు ముందుగాల తెల్వాలె." ఇంత పొడుగు మాట ఏడాదిలో వినలేదు నేను.

ఆ మాటలు పట్టుకుని హనోకు అయ్యగారి దగ్గరికి పోయాను. ముప్పై ఏళ్ళు కూడా లేవు ఆయనకు. గుమ్మంలోనే నిలబడి తిట్టాను. ఒక్క మాటకు అడ్డు రాలేదు. ప్రసంగిని పిలిచింది తానేనని ఒప్పుకున్నాడు. నేను అలిసిపోయాక, మూడేళ్ళు మా ఇంటిని ఎందుకు వదిలేశారని అడిగాను. బుధవారం పుస్తకం తెచ్చి చూపించాడు. మా ఇంటి పేరు చుట్టూ సున్నా చుట్టి, పాత అయ్యగారి చేతిరాతతో ఉంది: "జ్ఞానమ్మ అక్కను ఇబ్బంది పెట్టవద్దు."

అప్పుడు గుర్తొచ్చింది. జబ్బు మొదలైన కొత్తలో ఒక బుధవారం స్త్రీల సమాజం వాళ్ళు వస్తే, "ఇయ్యాల వద్దు" అని తలుపు వేశాను. ఆ ఒక్క ఇయ్యాలను వాళ్ళు మూడేళ్ళు పాటించారు. నేనేమో వెలేశారనుకుని మూడేళ్ళు కుమిలిపోయాను. ఎవరిని తిట్టాలో చెప్పు.

ఇప్పుడు మా ఇంటికి ఈరవ్వ వస్తోంది. శనివారం శనివారం పిడికెడు బియ్యం పోగుచేసే ఆవిడ, నీకు తెలుసు కదా. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ గుడి పేరున ఒక పిడికెడు తీసి పెట్టినవి నలభై ఇళ్ళవి ఒకే సంచిలో పడితే ఎట్లా ఉంటాయో ఊహించు. రేషను బియ్యం, సన్నబియ్యం, నూకలు, రాళ్ళు, అన్నీ. అవి ఏరడం ఈరవ్వ పని. ఇప్పుడు ఆ పని మా ఇంట్లో చేస్తోంది. సరిగ్గా పది గంటలకు వస్తుంది, చేట ముందేసుకుని కూర్చుంటుంది, నేను వచ్చేదాకా ఉంటుంది. మాట్లాడదు. ప్రార్థన కూడా మనసులోనే. ఐదు రోజులు ఆశా గోడనే చూసింది. ఆరో రోజు జరిగి వచ్చి, చేటలోంచి ఒక రాయి తీసి, "గిది పెసరగింజ లెక్కుంది" అన్నదట. ఇప్పుడు ఇద్దరూ ఏరుతున్నారు. తాళం వేయడం మానేశాను.

మంచం వద్దని మాత్రం ఇంకా చెప్పలేదు. తిట్టకు. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

జాకెట్టు సరిపోయింది.
అక్క.


గాజుల్‌పేట
22-9-2024

అక్కకు, ఆశాకు, ముఖ్యంగా ఈరవ్వకు వందనాలు.

ఆలస్యానికి కారణం చదివితే నువ్వే నవ్వుతావు. కమిటీని అడిగాను. నాకు లోపలికి రావాలని ఉంది, మోసుకుపోకుండా రావాలని ఉంది అన్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెక్రటరీ అయితే పాపం తెల్లబోయాడు. "బయట గాలికి కూసునుడే నీకిష్టమనుకున్నం గదనే. గందుకే రేకులేపిచ్చినం. పోయినేడు ఫ్యాను గూడ పెట్టిద్దామనుకున్నం" అన్నాడు. పదకొండేళ్ళు నేను అవమానం అనుకున్నది వాళ్ళు మర్యాద అనుకున్నారు. ఫ్యాను పెట్టలేదు కాబట్టి సరిపోయింది, పెట్టి ఉంటే నేను సంఘమే మారేవాణ్ణి.

మెట్ల పక్కన ఏటవాలు దారి కట్టాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. మేస్త్రీ పోశయ్య తానే కడతానన్నాడు. మూడు రోజుల్లో కట్టేశాడు కూడా. నన్ను ఎక్కమన్నారు. సగం దూరం పోయాక బండి ముందు చక్రం గాల్లోకి లేచింది. నేను వెనక్కి దొర్లి క్రోటన్ చెట్లలో పడ్డాను. మళ్ళీ అదే "అయ్యో". కానీ ఈసారి నేనే ముందు నవ్వాను. పోశయ్య నవ్వలేదు. నా బండిలో తాను కూర్చుని, ఎక్కడానికి చూసి, ఎక్కలేక, "గిది దారి గాదు, గోడ" అని తనను తానే తిట్టుకుని గడ్డపార అందుకున్నాడు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాలట. రెండో దారి గోడ వెంబడి పోయి, మలుపు తిరిగి, తలుపు దగ్గర తేలుతుంది. చెయ్యి పట్టుకోవడానికి గొట్టం కూడా పెట్టాడు.

అది ఇంకా ఆరకముందే ఒక వింత జరిగింది. మోకాళ్ళ నొప్పులని ఇళ్ళలో ఉండిపోయిన ముసలివాళ్ళు ఆరుగురు, దారి ఎప్పుడు తెరుస్తారని కబురు పంపారు. నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అక్టోబరు ఆరు, ఆదివారం తెరుస్తారు. ముందు నేను ఎక్కాలట. నువ్వూ ఆశా రావాలి. ఆశాకు మంది పడదు కదా, వెనక కిటికీ పక్కన రెండు కుర్చీలు వేరుగా వేయిస్తాను. ఎవరూ పలకరించవద్దని కూడా చెప్పి ఉంచాను.

మళ్ళీ పడితే పట్టుకోవడానికైనా రా.
తమ్ముడు.


గాజుల్‌పేట
10-10-2024

అక్కా,

ఎక్కాను. గేటు వైపు చూస్తూనే ఎక్కాను. రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నిన్న బోధన్ నుంచి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన గిరాకీ ఒకాయన చెప్పాడు. మూడో తారీఖు పొద్దున మీ ఇంటి ముందు ఆటోలో పరుపు చుట్ట, సంచులు పెట్టి ఆశాను ఎక్కించడం చూశాడట. ఆటో సాలూరా రోడ్డు పట్టిందట. పంపించేశావు కదా. నవంబరు దాకా కూడా ఆగలేదు. నేను ఇక్కడ గుడిలోకి పోవాలని సంబరపడుతుంటే నువ్వు అక్కడ పిల్లను గొలుసుకు అప్పగించావు.

ఇక నాకు రాయకు.

శాంతి కుమార్.


శక్కర్‌నగర్
24-10-2024

రాయకు అన్నావు. రాస్తాను. చదివాక చించెయ్యి, నీ ఇష్టం.

నీ ఉత్తరం నిన్ననే చూశాను, అంగన్‌వాడీ బల్ల మీద పన్నెండు రోజులుగా పడి ఉంది. నువ్వు అది రాసిన రోజు నేను నీ దుకాణానికి కిలోమీటరు దూరంలో ఉన్నాను, సర్కారు దవాఖానలో.

సెప్టెంబరు చివర్లో ఈరవ్వ తన బిడ్డ కాన్పుకని ఇందల్వాయి పోయింది. వారం రోజులే. వేరే ఆమెను పంపుతామన్నారు, పంపారు. ఆశా మొదటే చెప్పింది కదా, అదే మనిషి, అదే యాళ్లకు అని. మేము మరిచిపోయాం. కొత్త మనిషిని చూసి పిల్ల బెదిరిపోయింది. నిద్ర లేదు, తిండి లేదు, గొంతులు మళ్ళీ మొదలయ్యాయి. రెండో తారీఖున కంచం విసిరింది. నా నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఆ కట్టుతోనే కూర్చుని నిర్ణయం చేసుకున్నాను. నీ గిరాకీ అబద్ధం చెప్పలేదు. మూడో తారీఖు ఆటో పిలిచింది నేనే, సాలూరా రోడ్డు పట్టించింది నేనే.

పరుపు పెడుతుంటే ఈరవ్వ బస్సు దిగి వచ్చింది. నా మొహం చూసింది, ఆటో చూసింది. ఇందల్వాయి నుంచి తెచ్చిన మూట చంకలో అట్లాగే ఉంది, వచ్చి ఆశా పక్కన కూర్చుంది. నువ్వెక్కడికి అన్నాను. "గీ పిల్ల యాడుంటె నా పని గాడ. నన్ను గూడ గాడనే దించు. పదిహేడు మందున్నరన్నవు గద, నాతోని పంతొమ్మిది ఐతది" అన్నది. కోపం లేదు ఆమె గొంతులో. నన్ను బెదిరించడానికి అన్నది కాదు తమ్ముడూ, నిజంగానే ఉండిపోవడానికి ఎక్కింది. ఆశా ఆమె కొంగు పట్టుకుంది. ఊరు దాటి మూడు కిలోమీటర్లు పోయాక ఆటో ఆపమన్నాను. తిప్పి నిజామాబాద్ పోనిమ్మన్నాను.

డాక్టరు చేర్చుకుని మందు మార్చాడు. పంతొమ్మిది రోజులు ఉన్నాం. ఈరవ్వ ఒక్క రోజు కదలలేదు. ఆశా పక్కన ఆమె, ఆమెకూ నాకూ అన్నం తెచ్చేందుకు రోజుకొకరు. హనోకు అయ్యగారు బుధవారం పుస్తకం తీసి, అన్ని ప్రార్థనలూ ఆపి, ఆ వంతు ప్రకారమే ఒక్కో ఇంటి వాళ్ళను పొద్దుటి బస్సుకు పంపాడు. ధనలక్ష్మి మన సంఘం కాదు, అయినా తన పేరు కూడా రాయించుకుని రెండు రోజులు వచ్చింది. తల మీద ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. నర్సు ఒకరోజు విసుక్కుంది, "గీ పిల్లకు అసలు తల్లి ఎవలు?" అని. మంచం చుట్టూ ఉన్న నలుగురం ఒకేసారి "నేనే" అన్నాం.

నీకు ఎందుకు చెప్పలేదంటే, సిగ్గు. నువ్వు గుడిలోకి పోయే వారంలోనే నేను పిల్లను వదిలిపెట్టడానికి బయల్దేరాను. ఏ మొహం పెట్టుకుని నీ దుకాణానికి వచ్చేది?

మంచం వద్దని నిన్న స్వస్థతాలయానికి రాసి పంపించాను. వాళ్ళు గొలుసు వేయడం చట్టం ఒప్పుకోదని డాక్టరు అన్నాడు. ఆ సంగతి అయ్యగారు కలెక్టరాఫీసులో కనుక్కుంటున్నాడు.

నీ అక్క. ఇంకా అక్కనే అయితే.


గాజుల్‌పేట
2-11-2024

నా అక్కకు,

కిలోమీటరు. నేను రోజూ దవాఖాన ముందు నుంచే చేత్తో బండి తిప్పుకుంటూ పోయాను, నీ మీద పళ్ళు నూరుకుంటూ. మీ అందరికీ ఒక పూట అన్నమైనా తేకపోతినే. నా ఉత్తరం పొయ్యిలో వెయ్యి. ఆ ఉత్తరం నాది కాదు, నా కోపానిది.

నీకు గుడి సంగతి చెప్పలేదు కదా. మలుపు దగ్గర ఆగాను, కష్టమై కాదు, తలుపు కనబడింది. లోపలికి పోయాను. ఎవరూ లేవలేదు, ఎవరూ అయ్యో అనలేదు, ఒకామె మాత్రం తన సంచి తీసి బండికి దారి ఇచ్చింది. బల్ల దగ్గరికి నా అంతట నేను పోయాను. పదకొండేళ్ళ తర్వాత రొట్టె నా చేతిలో అందరితోపాటే పడింది. పాట పాడకుండా కూర్చుని విన్నాను.

పోయిన ఆదివారం లేచి మాట్లాడాను. అంటే కూర్చునే మాట్లాడాను. ఆశా ఏమడిగిందో అవే మాటలు చదివాను, పేరు చెప్పకుండా. ఆరాధన అయ్యాక ఇంటికి పోకుండా నలుగురు నా బండి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన ముప్కాల్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, అతనితోనే ఉండే తమ్ముడు ఆరేళ్ళుగా గది దాటలేదట. ఇంకొకామెది ఏర్గట్ల, ఆమె అత్తదీ అదే కథ. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు అక్కా, ఒక్కరూ ఇన్నాళ్ళూ నోరు తెరవలేదు. మాకూ ఈరవ్వ లాంటి మనిషి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. దొరకదు, మనమే కావాలి అన్నాను. ముగ్గురు పేర్లు ఇచ్చారు. నాలుగో పేరు నాది. మొన్న మంగళవారం దుకాణం బంద్ పెట్టి ముప్కాల్ ఆయన తమ్ముడి దగ్గర కూర్చున్నాను, ఇక ప్రతి మంగళవారం అంతే. గుండీలు కుట్టడం నేర్పుతున్నాను. ఇంతవరకు ఒక్క గుండీ కుట్టలేదు, చూస్తున్నాడు.

క్రిస్మస్‌కు నేనే వస్తాను మీ ఇంటికి.
శాంతి.


శక్కర్‌నగర్
16-1-2025

తమ్ముడికి, ఆశా వందనాలు చెప్పమంది. మొదటి వందనం ఆమెది, రెండోది నాది.

నువ్వు క్రిస్మస్‌కు వచ్చి పోయాక జరిగినవి చెబుతాను. మా ఇంట్లో బుధవారం ప్రార్థన జరిగింది. డోలకు లేదు. ఎంతమంది రావాలో ఆశానే చెప్పింది, పది మంది. పది మందే వచ్చారు. వాక్యం తానే చదివింది. మధ్యలో ఆగింది, చాలాసేపు ఆగింది. ఎవరూ అందివ్వలేదు, దగ్గలేదు. అందరూ కాచుకుని కూర్చున్నారు. మళ్ళీ మొదలుపెట్టి చివరి దాకా చదివింది. నాకు ఆ నిశ్శబ్దం కంటే గొప్ప ప్రార్థన తెలియదు.

జబ్బు పోలేదు. గొంతులు ఇప్పటికీ ఒక్కోసారి వస్తాయట, మునుపటి అంత గట్టిగా కాదట. గోలీలు తానే గుర్తుపెట్టుకుని వేసుకుంటోంది.

కొత్త ఏడాది పుస్తకం రాసేటప్పుడు అయ్యగారు వంతులు అడుగుతున్నాడు. ఆశా లేచింది. "మంజీర అవతల ఇల్లు గూడ రాయుండ్రి" అన్నది. అక్కడికా అన్నాను. "గాల్లింటికి గూడ ఎవ్వలు పోతలేరు గదనే అవ్వా" అన్నది. అందరూ నన్నే చూశారు. రాసుకోమన్నాను.

ఎనిమిదో తారీఖు జీపులో ఆరుగురం పోయాం. అధికారులు ఒకసారి వచ్చి హెచ్చరించి పోయారట, అయినా ఇద్దరి ముగ్గురి కాళ్ళకు గొలుసులు ఉన్నాయి. మూల మంచం మీద స్నేహలత అని నలభై ఏళ్ళ మనిషి. ఆశా పోయి ఆమె పక్కన, ముట్టకుండా, మూరెడు దూరంలో కూర్చుంది. కాసేపటికి అక్కడి పెద్దమనిషిని పిలిచి, "గొలుసు దియ్యుండ్రి. నేనుంట ఈమె తాన" అన్నది. ఆయన మా అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు, "నన్నెందుకు చూస్తున్నరు? చెప్పింది ఆమె గద" అన్నాడు. తీశాడు తమ్ముడూ. నా కళ్ళ ముందు తీశాడు. ఆశా ఆమెను, "నీకేం గావాలె?" అని అడిగింది. ఆమె జుట్టు తడుముకుని, "తల దువ్వాలె" అన్నది. జుట్టంతా ఉండలు కట్టి ఉంది. గంటన్నర పట్టింది చిక్కు తీయడానికి. జడ వేసి, ఇంటికి పోదామని మా దగ్గరికి వచ్చింది. నేను జీపు తలుపు పట్టుకుని నిలబడ్డాను. నా బిడ్డ ఆ గేటులోంచి తన కాళ్ళ మీద బయటికి నడిచి వచ్చి నా పక్కన కూర్చుంది.

నిన్న బుధవారం మళ్ళీ పోయాం, అదే యాళ్లకు. జీపు మలుపు తిరగ్గానే గేటు దగ్గర ఎవరో నిలబడి ఉండటం కనిపించింది. స్నేహలత. కాళ్ళకు ఏమీ లేదు. ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో నూనె సీసా పట్టుకుని ఆశా కోసం చూస్తోంది.

నీ అక్క,
జ్ఞానమ్మ.